నోట్లో నిప్పు

ఆదివారం తనని సముద్రంలో ముంచుతారని అమ్మ నాకు చెప్పినప్పుడు నేను వంటింట్లో చేపలు కడుగుతున్నాను. చెప్పడమంటే గొంతుతో కాదు. అమ్మకి గొంతు లేదు. కేన్సర్ ఆపరేషన్‌లో స్వరపేటిక మొత్తం తీసేసి, మెడ కింద రూపాయి బిళ్ళంత కన్నం పెట్టారు. అప్పట్నుంచి ఆవిడ ఊపిరి ముక్కులోంచి కాదు, ఆ కన్నంలోంచే. మాటలు పెదాలతో కదుపుతుంది, నేను చూసి అర్థం చేసుకుంటాను. తల పక్కకి తిప్పితే మాట పోయినట్టే. అందుకే ముఖ్యమైనదేదైనా చెప్పాలనుకుంటే ముందు నా గెడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంటుంది.

ఆ రోజూ అలాగే తిప్పుకుంది. ఆదివారం నాకు బాప్తిస్మం, భీమిలి దగ్గర సముద్రంలో, పాస్టరు అయ్యగారు ఒప్పుకున్నారు అని పెదాలు ఆడించింది. చెప్పేసి, ఇంక నీ ఇష్టం అన్నట్టు తువ్వాలు అందుకుని నా నుదుటి చెమట తుడిచింది.

నా చేతిలో చేప సింకులోకి జారిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పిన మాటల్లో సగం మర్చిపోయాను గాని ఒకటి మర్చిపోలేదు. స్నానానికి మెడకి అడ్డంగా గుడ్డ కట్టుకోవాలి, షవర్ కింద నిలబడకూడదు, చెరువులోగాని సముద్రంలోగాని మెడ లోతుకి దిగడమన్నది ఇంక ఈ జన్మలో లేదు. మనకి ముక్కులోకి నాలుగు చుక్కలు పోతే ఉక్కిరిబిక్కిరై దగ్గేసి బయటపడతాం. అమ్మకి ఆ అవకాశం లేదు. కన్నంలో పడ్డ నీళ్ళు నేరుగా ఊపిరితిత్తుల్లోకే.

"చచ్చిపోతావమ్మా" అన్నాను.

"పాత మనిసి సచ్చిపోవాల కదా" అన్నాయి ఆవిడ పెదాలు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మాట ఆవిడది కాదు. మధురవాడలో మా అపార్ట్‌మెంట్ల వెనక రేకుల షెడ్డులో ప్రార్థన మందిరం నడిపే పాస్టరు గారిది. బాప్తిస్మంలో మనలోని పాత మనిషి చనిపోయి కొత్త మనిషి లేస్తాడని ఆయన చెప్తారు. ఆయన ఏ అర్థంతో చెప్తారోగాని, అమ్మ చెవికి చేరేసరికి అది ఉన్న అర్థంతోనే చేరుతుంది.

నేను హైస్కూల్లో తెలుగు పంతులమ్మని. పదో తరగతికి అలంకారాలు చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. ఉపమానం ఏది, ఉపమేయం ఏది, కవి ఒకదాన్ని ఇంకొకటి అన్నాడంటే నిజంగా అదే అయిపోయిందని కాదు అని ఏటా బోర్డు మీద రాస్తాను. పిల్లలకి అర్థమవుతుంది. ఇంట్లో అమ్మకే అర్థం కాదు.

మా వైపు ఆడవాళ్ళ అలవాటొకటి తెలియనివాళ్ళకి చెప్పాలి. చుట్ట వెలిగించి, వెలిగిన కొస నోటి లోపలికి, వెలగని కొస బయటికి పెట్టుకుని పెదాలు మూసేస్తారు. అడ్డపొగ అంటారు. గాలికి ఆరదు, వానకి తడవదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. అమ్మ అలాగే ఊడ్చింది, కలుపు తీసింది, నన్ను కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని జడలేసింది. పొద్దుగూకాక పెరట్లో కూర్చున్నప్పుడు ఆవిడ మాట్లాడ్డానికి నోరు తెరిస్తే లోపల ఎర్రగా కనిపించేది. నాకు భయం వేసేది కాదు. అమ్మల నోళ్ళు అలాగే ఉంటాయనుకున్నాను.

ఆపరేషనయ్యాక వార్డులోకి ప్రార్థన చేసేవాళ్ళు వచ్చేవారు. వాళ్ళతో పాటే ఈ పాస్టరు గారూ వచ్చేవారు. అమ్మ కన్నంలోంచి కఫం చిమ్మితే మా చుట్టాలు ముఖాలు తిప్పుకున్న రోజుల్లో ఆయన తువ్వాలు పట్టుకుని నిలబడి తుడిచారు. పూర్వం ఆటో నడిపేవారట. మంచి మనిషి. నాకొచ్చిన కష్టమే అది. దొంగ పాస్టరైతే రెండు మాటల్లో దులిపేసి పంపించి ఉందును.

అమ్మ మొదటిసారి ఆ షెడ్డుకి వెళ్ళిన రోజున ఆయన నాలుక గురించి చెప్పారట. నాలుక చూడ్డానికి చిన్నది, కాని అది నిప్పు, మనిషిని మొత్తం అంటించేస్తుంది, ఆ మంట దానికి నరకంలోంచే వస్తుంది అని. మిగతావాళ్ళంతా తోటికోడళ్ళ మీదా పక్కింటివాళ్ళ మీదా తామాడిన మాటలు తలుచుకుని తలలు దించుకునుంటారు. అమ్మ మాత్రం నోటిమీద చెయ్యి పెట్టుకుని ఇంటికొచ్చింది. ఎప్పుడో ఎక్కడో కూర్చుని బైబిలు రాసినవాళ్ళు తన నోట్లో చుట్టని చూసే రాశారని ఆవిడ నమ్మకం.

అప్పుడే పక్కన కూర్చుని విడమర్చి చెప్పాను. అది రూపకమమ్మా, నాలుక చేసే హానిని నిప్పుతో పోల్చి అన్నారు, నోట్లో నిజంగా మంట ఉందని కాదు అని. అమ్మ శ్రద్ధగా విన్నది. విని, నన్ను బాల్కనీ వెలుగులోకి లాక్కెళ్ళి నోరు బార్లా తెరిచింది. అంగిలి నిండా తెల్లటి మచ్చలు, వాటి మధ్య కమిలిన నల్లటి చారలు, పరీక్షకి ముక్క కోసిన చోట కుట్ల గుర్తులు.

"ఇదేటి మరి?" అంది.

పదో తరగతి పిల్లలెవరూ ఎప్పుడూ నాకు అలా నోరు తెరిచి చూపించలేదు.

అందుకే ఈసారి అమ్మతో వాదన పెట్టుకోలేదు. చేపలు ఫ్రిజ్‌లో పడేసి, ఆవిడని వెంటబెట్టుకుని నేరుగా షెడ్డుకి వెళ్ళాను. పాస్టరు గారు చాపలు దులుపుతున్నారు. కుర్చీలు వేశారు. నేను కూర్చోలేదు. డాక్టరు చెప్పిందంతా చెప్పి, ఇది ఎలా ఒప్పుకున్నారని అడిగాను.

ఆయన గొంతు పెంచలేదు. మనిషి చనిపోతే నుదుటి మీద గుప్పెడు మట్టి చల్లి వచ్చేస్తామా, పాతిపెడతాం కదా అన్నారు. బాప్తిస్మమంటే పాపపు మనిషిని పాతిపెట్టడమని వాక్యంలో ఉంది కాబట్టి పైన చల్లితే అది పాతిపెట్టడం కాదన్నారు. నాకు తిక్క రేగింది. పాతిపెట్టాలంటే మట్టిలో పాతాలి, మీరు నీళ్ళలో ముంచుతున్నారంటే అక్కడే పోలిక వచ్చేసింది కదా అన్నాను. ఆయన నవ్వలేదు, నొచ్చుకోలేదు. చేతిలో చాప మడిచి గోడకి చేరేశారు.

నేను వదల్లేదు. విశ్వాసాన్ని నోటితో ఒప్పుకోవాలని కూడా ఆ వాక్యంలోనే ఉంది కదా, మరి మా అమ్మ ఏ గొంతుతో ఒప్పుకుందని అడిగాను. పెదాలు కదిపారు, దేవుడు విన్నాడు అన్నారాయన.

"పెదాల కదలికని గొంతు కింద జమకట్టుకున్న దేవుడు, దోసెడు నీళ్ళని సముద్రం కింద జమకట్టుకోడా అయ్యగారూ?"

గెలిచాననే అనుకున్నాను. ఆయన అమ్మ వైపు చూశారు. అమ్మ తల అడ్డంగా ఊపింది, ఊపుతూనే ఉంది. మెడ మీద వేలాడే పల్చటి గుడ్డ ఆవిడ ఊపిరికి టపటపా కొట్టుకుంటోంది.

"నాను కాదంటే ఈ అమ్మకి రక్షణ వొద్దన్నట్టే కదమ్మా" అన్నారు పాస్టరు గారు నెమ్మదిగా. "ఆ కన్నం మీద నా సెయ్యి గట్టిగా అదిమి పెడతాను. రెప్పపాటు. అంతే."

"మీ చెయ్యి జారితే?"

ఆయన తన అరచేతిని తిప్పి చూసుకున్నారు.

మా ఆయనది కృష్ణా జిల్లా నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చిన కుటుంబం, తాతల నాటి నుంచి క్రైస్తవులు. వాళ్ళ చర్చిలో ముంచరు, తలమీద నీళ్ళు చిలకరిస్తారు. పెళ్ళికి ముందు నాకూ అలాగే చిలకరించారు. అప్పుడు ఇదే అమ్మ, కులం పోయింది మతం పోయింది అని పెళ్ళిలో కూడా మొహం మాడ్చుకునే ఉంది. ఇప్పుడు మా ఆయన మధ్యే మార్గం చెప్పాడు. మా ఫాదర్ గారితో మాట్లాడతాను, కుర్చీలో కూర్చోబెట్టి మూడు దోసిళ్ళు పోస్తారు, మెడకి తువ్వాలు చుట్టొచ్చు, నీళ్ళనేవి లోపల జరిగేదానికి గుర్తు మాత్రమే కదా అత్తయ్యా అన్నాడు. అమ్మ ఆయన మాట పూర్తిగా విని, నా వైపు వేలు చూపించింది.

"దీని మీద సల్లినారు కదా. కోపం ఏటైనా తగ్గిందేటి?"

నేను తర్జుమా చేసి చెప్తే మా ఆయన పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆదివారం దగ్గరికి వచ్చేస్తోందని లోపల గుబులు.

ఇంక చేసేది లేక చిన్నపిల్ల పని చేశాను. బాప్తిస్మానికి కట్టుకోమని మందిరంవాళ్ళు ఇచ్చిన తెల్ల చీర తీసి అటక మీద పాత దుప్పట్ల వెనక దాచాను. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి అమ్మ స్టూలెక్కి, అటక పట్టుకుని, ఒంటి కాలి మీద వేలాడుతోంది. చీర చేతిలోనే ఉంది. కిందికి దింపి మంచం మీద కూలేసి అరిచేశాను.

"నిజం చెప్పు. నీకు కడుక్కోవాలనుందా, పోవాలనుందా?"

అమ్మ చాలాసేపు చీర మడతలు సరిచేసింది. తర్వాత నా గెడ్డం పట్టుకుంది.

ఆవిడ చెప్పిన గొడవ నేను చిన్నప్పుడు కళ్ళారా చూసిందే. మా పెదనాన్న పొలానికీ మా పొలానికీ మధ్య గట్టు. ఆ గట్టు మీద అమ్మా పెద్దమ్మా జుట్లు పట్టుకునేదాకా వెళ్ళారు. మగవాళ్ళు విడదీశారు. అమ్మ నోట్లో చుట్టతోనే వంగి, గుప్పెడు దుమ్ము ఎత్తి పెద్దమ్మ మీద పోసి శాపనార్థాలు పెట్టింది. మా ఊళ్ళో ఆడవాళ్ళ గొడవల్లో ఆ దుమ్ముతోనే కథ ముగుస్తుంది, వారం తిరక్కుండా మళ్ళీ ఒకరింటి పచ్చడి ఇంకొకరింటికి వస్తుంది. ఈసారి అలా జరగలేదు. కొన్నాళ్ళకి పెద్దమ్మ కొడుకు, నన్ను సైకిల్ మీద బడికి దింపే మా అన్నయ్య, కాలేజీ స్నేహితులతో భీమిలి వైపు సముద్రానికి వెళ్ళాడు. అల లాక్కుపోయింది. ఆ తర్వాత రెండిళ్ళ మధ్యా మాట లేదు, పలుకు లేదు.

నా బుర్రలో అవి రెండు వేరు వేరు సంగతులు. ఒకటి గట్టు తగాదా, ఒకటి సముద్రం చేసిన ఘోరం. అమ్మ వాటిని ఎప్పుడో ముడేసుకుంది. ఆవిడ ఆ రోజు ఏమని తిట్టిందో నాకు గుర్తు లేదు. అప్పుడు చెప్పింది, ఒక్కొక్క మాటకీ పెదాలు ఆపి ఆపి. నీ కొడుకు నీళ్ళపాలైపోవాలని అందట.

"నిప్పెట్టుకుని అన్నాను. తగిలీసింది" అంది. "అందుకే నా గొంతు కోసీసినారు. ఆ గుంటడు మునిగిన కాడే నానూ మునగాల. నా పాపం ఆ నీల్లలోనే ఉంది."

తిడితే మనుషులు చావరమ్మా అన్నాను. కోపంలో అన్న మాట మాట మాత్రమేనన్నాను. మళ్ళీ అడిగాను, నువ్వు లేవాలనుకునే మునుగుతున్నావా అని. అమ్మ తల పక్కకి తిప్పుకుంది. ఆవిడ తల తిప్పుకుంటే మాట అయిపోయినట్టే. ఆ ప్రశ్నకి జవాబు నాకు ఇవాళ్టికీ తెలియదు.

మర్నాడు మా ఆయన బైబిలు సంచీలో పెట్టుకుని బడికి పట్టుకెళ్ళాను. స్టాఫ్ రూములో తెరిస్తే, ఏంటి మేడం, మీక్కూడా సోకిందా అని ఆటలు పట్టించారు. నాకు కావలసింది భక్తి కాదు. ఆయుధం కావాలి. పాస్టరు గారు ఉన్నదున్నట్టు పాటించాలంటున్నారు కదా, ఉన్నదున్నట్టు పాటిస్తే ఆయన చేతులు కట్టేసే వాక్యం ఒకటి కావాలి. మధ్యాహ్నం దాటాక దొరికింది. నీ అర్పణ తీసుకుని బలిపీఠం దగ్గరికి వెళ్ళాక నీవల్ల నొచ్చుకున్నవాళ్ళు గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్ళి వాళ్ళతో సమాధానపడు, ఆ తర్వాతే రా అని. ఇందులో పోలిక లేదు, అలంకారం లేదు. ఆఖరి బెంచీ వాడిక్కూడా అర్థమయ్యే మాట.

దాచుకోకుండా చెప్తాను, నాకు పెద్దమ్మ గుర్తొచ్చి కాదు ఆ సంబరం. పెద్దమ్మ మా మొహాన తలుపేసేస్తుంది, రాజీ కుదరదు, కుదరకపోతే ముంచడమూ జరగదు. నా లెక్క అంతవరకే.

సాయంత్రం అమ్మని తీసుకుని షెడ్డుకి వెళ్ళి, పెద్దమ్మ సంగతి చెప్పి ఆ పేజీ చూపించాను. పాస్టరు గారు ఆ చోట వేలుపెట్టి రెండుసార్లు చదువుకున్నారు. ఎన్నోసార్లు ప్రసంగించిన వాక్యమేనమ్మా అన్నారు. మొహం పాలిపోయింది. అమ్మని కూర్చోబెట్టి ఎదురుగా ఆయన నేలమీద కూర్చున్నారు.

"ముందు అక్కడికి ఎల్లి రండమ్మా. ఆదివారం ఒడ్డు కాడ మీకోసం సూత్తాను."

అప్పుడు తట్టింది నాకు. తలుపు తెరుచుకుందంటే ఇంక ఆదివారాన్ని ఆపే మాట నా దగ్గర ఒక్కటీ లేదు. అమ్మ మొహం చూస్తే, సముద్రమంటే లేని భయం పెద్దమ్మ గుమ్మమంటే ఉంది. అయినా వెళ్దామంది.

శనివారం ఒంటిపూట బడయ్యాక బస్సెక్కాం. పొలాలు ప్లాట్లైపోయాక పెదనాన్నావాళ్ళు తగరపువలస మారిపోయారు. పెదనాన్న పోయారు, పెద్దమ్మ సంత వెనక వీధిలో కూతురింట్లో ఉంటోంది. బస్సులో అమ్మ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. ఆనందపురం దాటాక ఒకసారి దగ్గొచ్చి కన్నంలోంచి కఫం ఎగజిమ్మితే ముందు సీటాయన లేచి వెనక్కి పోయాడు. మామూలుగా అయితే ఆయనతో గొడవ పెట్టుకునేదాన్ని. ఆ రోజు ఓపిక లేకపోయింది.

పెద్దమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని చింతపండు పిక్క తీస్తోంది. జుట్టు మొత్తం తెల్లబడింది. మమ్మల్ని చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. చేతిలో పిక్క గిన్నెలో వేసి, ఇంకొకటి తీసి, అది కూడా వేసి, అప్పుడు కూకోండి అంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. అమ్మ పైకెక్కి పెద్దమ్మ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని పెదాలు కదపడం మొదలుపెట్టింది.

పెద్దమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏటంటంది?" అని నన్నడిగింది.

ఇది నేను అనుకోలేదు. చచ్చిపోయిన కొడుకు తల్లి ముందు ఆ మాట నా నోటితో, నా గొంతుతో అనాలి. చదువుకున్న తెలివంతా ఒక్కసారి అక్కరకొచ్చింది. అప్పుడేదో కోపంలో అనరాని మాట అన్నదట పెద్దమ్మా, అది మనసులో పెట్టుకుని బాధపడుతోంది అన్నాను. అమ్మకి గొంతే పోయింది, చెవులు పోలేదు. విసురుగా వచ్చి నా గెడ్డం పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"ఉన్నదున్నట్టు సెప్పు."

చెప్పాను. నీ కొడుకు నీళ్ళపాలైపోవాలని మా అమ్మ నిన్ను తిట్టింది అన్నాను. చుట్ట నోట్లో పెట్టుకుని, దుమ్మెత్తి పోసి తిట్టింది, ఆ మాటే తగిలి అన్నయ్య పోయాడని నమ్ముతోంది అన్నాను. చెప్తుంటే నా గొంతు నాకే పరాయిదిలా వినిపించింది. సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకుని నన్ను బడికి తీసుకెళ్ళిన మనిషి చావుని నేనిప్పుడే కోరుకున్నట్టనిపించి ఏడుపొచ్చింది.

పెద్దమ్మ చేతులు చింతపండులో ఆగిపోయాయి. లేచి చెంప పగలగొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

"ఆ మాట నాకు తెల్దేటి" అంది చివరికి. "నా సెవుల్తో ఇన్నాను కదా. మరి నాను అన్న మాట దానికి తెలుసేటి?"

అమ్మ తలెత్తింది.

"గుంటడు పోనాక మీరెవులూ ఇంట్లో లేని యేల సూసి మీ గుమ్మంలో మన్ను పోసినాను. దీని గొంతు పడిపోవాల, మల్ల ఇంకే తల్లినీ అనకుండా దీని గొంతు పడిపోవాల అన్నాను." పెద్దమ్మ అమ్మ వైపు చూడలేదు, చింతపండుతోనే మాట్లాడుతోంది. "దీనికి గొంతు తీసీసినారని తెలిసిన కాడ్నుంచి నాకు ముద్ద దిగట్లేదు. సూడ్డానికి వద్దారని బస్టాపు దాకా వచ్చి తిరిగెల్లిపోనాను."

అమ్మ మెడ దగ్గర గుడ్డ గబగబా ఎగిరి పడుతోంది. వాళ్ళిద్దరి మధ్యా నేను ఎందుకూ పనికిరాని దాన్ని. కేన్సర్ పొగవల్ల వచ్చింది, అన్నయ్య అలవల్ల పోయాడు అని చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఒకరు వాక్యం విని నమ్మారు, ఒకరు ఏ వాక్యమూ వినకుండానే నమ్మారు. అన్న మాట తగులుతుందనే దగ్గర ఇద్దరూ ఒక్కటే.

ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకు వచ్చారని పెద్దమ్మ అడిగింది. రేపు ఆదివారం సంగతి చెప్పాను. చెప్తుండగానే పెద్దమ్మ లేచి నిలబడింది. ఒళ్ళో చింతపండంతా మెట్ల మీద పడింది.

"సముద్రంలోనా? ఏదీ, ఆ కన్నం సూపించు."

అమ్మ మెడ మీద గుడ్డ ఎత్తింది. పెద్దమ్మ చూసి మొహం తిప్పుకోలేదు. వంగి, చింతపండు అంటిన చెయ్యి ఆ కన్నం ముందు పెట్టింది. ఊపిరి అరచేతికి తగిలినట్టుంది, అలాగే ఉంచేసింది.

"నువ్వు మునిగి సచ్చిపోతే నా మాట పూర్తిగా తగిలినట్టే కదే" అంది. "ఇప్పుడైతే సగంలో ఆగుంది. నువ్వు కడుక్కుని ఎల్లిపోతావు, మరి నాను ఎక్కడ కడుక్కోవాల? నాకే అయ్యగారున్నారు? నువ్వు మునగొద్దు. నువ్వు బతికుండాల."

డాక్టరు చెప్పలేకపోయినది, నేను చెప్పలేకపోయినది, మా ఆయన నచ్చజెప్పలేకపోయినది అమ్మకి ఆ అరుగు మీద అర్థమైంది. పెద్దమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుని తల ఊపింది. తిరుగు బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఎన్నిసార్లు పిలిచినా తల ఇటు తిప్పలేదు.

ఆదివారం పొద్దున్న అయినా ఒడ్డుకి వెళ్దామంది. మాటిచ్చింది కాబట్టి వెళ్ళాలట. తెల్ల చీర కట్టుకోలేదు, ఇంట్లో కట్టుకునే నీలం చీరతోనే వచ్చింది. గుండె చిక్కబట్టుకుని పక్కనే నడిచాను. పాస్టరు గారు నడుంలోతు నీళ్ళలో నిలబడి తెల్లబట్టలవాళ్ళని ఒక్కొక్కరినే ముంచి లేపుతున్నారు. లేచినవాళ్ళు ముక్కుల్లోంచి నీళ్ళు చీదుకుంటూ, నవ్వుతూ, ఏడుస్తూ ఒడ్డుకొస్తున్నారు. అమ్మ అలల అంచున చీలమండలు తడిసేలా నిలబడి ఒక్కొక్కరినీ చూసింది. ఆ మొహంలో ఆశ చూసి నేను ఆవిడ కొంగు గట్టిగా పట్టుకున్నాను.

చివరికి ఆయన చెయ్యి చాపారు. అమ్మ కదల్లేదు. ఆయనే నీళ్ళోడుతూ మా దగ్గరికి వచ్చారు. జరిగింది చెప్పాను. ఆయన మొత్తం విన్నారు. తర్వాత వంగి దోసిలితో నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు. ఇంతకాలం తాను కాదన్న పనే అది.

"దోసెడే పోత్తాను. తలమీద. దేవుడు సూసుకుంటాడు లేమ్మా."

నేను వాదించి వాదించి అడిగింది అదే. ఆయనే ఇప్పుడు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. పొయ్యమని చెప్పమ్మా అని బతిమాలాను. అమ్మ ఆయన వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్న నీళ్ళని చూస్తూ తల అడ్డంగా ఊపింది. నా గెడ్డం పట్టుకుంది.

"ముంచడమంటే ముంచడమే. వొద్దులే. నా పాపం నా కాడే ఉండనీ. మీ పెద్దమ్మ మీద పడకూడదు."

నేను ఆ మాట ఆయనకి చెప్పాను. ఆయన దోసిలి విప్పేశారు.

అమ్మ బతికుంది. నాకు కావలసింది అదే, దక్కింది. కాని ఆవిడ ఇప్పటికీ తనని కడగని మనిషిగానే లెక్కేసుకుంటుంది. షెడ్డులో బల్ల పెట్టి ప్రభువు పేరన రొట్టె పంచే ఆదివారాల్లో ఆ పళ్ళెం వరసలో వస్తుంది. బాప్తిస్మం లేనివాళ్ళు తీసుకోకూడదని అక్కడి నియమం. తీసుకోండమ్మా అని పాస్టరు గారే ఒకసారి పళ్ళెం ముందు ఆగారు. అమ్మ రెండు చేతులతో పళ్ళెం అందుకుని, ముట్టుకోకుండా పక్కావిడకి ఇచ్చింది. అది చూసినప్పుడల్లా నాకు లేచి అరవాలనిపిస్తుంది. ఎవరిమీద అరవాలో తెలియక ఊరుకుంటాను.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తగరపువలస నుంచి ఫోనొస్తుంది. స్పీకరు పెట్టి అమ్మకిస్తాను.

"ఉన్నావా?" అంటుంది పెద్దమ్మ.

అమ్మ గోటితో ఫోను మీద టక్కున కొడుతుంది.

"మునగనేదు కదా?"

మళ్ళీ టక్కు. ఆ తర్వాత పెద్దమ్మ ఇంకేమీ అడగదు, ఫోను పెట్టెయ్యదు. అమ్మ మెడ మీద గుడ్డ పక్కకి తీసి, ఫోను ఆ కన్నం దగ్గరికి దించి పట్టుకుంటుంది. అటువైపు పెద్దమ్మ ఆ ఊపిరి వింటూ కూర్చుంటుంది.